నిప్పు తగలకూడని సూటు

దావీదు కుడిచేతి మూడు వేళ్లు కాలిపోయి తీసేసినప్పుడు విచారణ సంఘం వారు రెండు నెలలు శ్రమించి, తప్పు చొక్కాదని తేల్చారు.

దావీదు మావారితో పాటు మా ఊరి సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరు. ఆ రోజు నాలుగో ప్యానెల్‌లోంచి బ్రేకరు ట్రాలీని, అంటే చక్రాల మీదుండే పెద్ద స్విచ్చుని, బయటికి లాగుతుంటే, లోపలున్న పదకొండు వేల వోల్టుల కరెంటు తన దారి వదిలి గాలిలోకి దూకింది. రెప్పపాటు మెరుపు. ఆ రెప్పపాటులో రాగి ఆవిరైపోతుంది, ఇక మనిషి చర్మం సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ల భాషలో దాన్ని ఫ్లాష్ అంటారు. దావీదు వేసుకున్న నైలాను చొక్కా కరిగి చేతికి అతుక్కుపోయిందనీ, కావున నష్టానికి కారణం నైలాను అనీ రిపోర్టు వచ్చింది. నైలాను చొక్కాలను నిషేధించారు. ప్యానెల్‌కి మసి తుడిచి ఆకుపచ్చ రంగు వేశారు. ఆ వానాకాలానికే నాలుగో ప్యానెల్ మళ్లీ చిటపటలాడటం మొదలుపెట్టింది.

మా క్వార్టరు సబ్‌స్టేషన్ గోడకి ఆనుకుని ఉంటుంది. వంటింటి కిటికీకి ఎదురుగా ప్యానెల్ గది కిటికీ. ముసురు పట్టిన రోజున నేను పోపు పెట్టకుండానే ఆవాలు చిటపటలాడుతున్నట్టు వినిపిస్తుంది.

"ఏమండీ, ఆ చప్పుడు ఇవాళ ఎక్కువైనట్టుంది."

"చల్లగాలికి అట్టానే ఉంటదిలే" అనేవారు మావారు పానకాలరావుగారు. అని, డ్యూటీకి వెళ్లేముందు గుమ్మంలో ఆగి, వేలి ఉంగరం తీసి నా చేతిలో పెట్టేవారు. ఫ్లాష్ వస్తే లోహం వేలికి పట్టేస్తుందని దావీదు చెప్పాడట. పొద్దున ఇచ్చిన ఉంగరాన్ని డ్యూటీ దిగాక తీసుకునేవారు. మధ్యలో ఎనిమిది గంటలూ అది నా కొంగు ముడిలో ఉండేది. ఆ చప్పుడు గురించి మేమిద్దరం అంతకు మించి మాట్లాడుకోలేదు.

ఇలా ఉండగా పై ఆఫీసుకి రక్షణ మీద హఠాత్తుగా మక్కువ పుట్టింది. గోడల మీద నినాదాలు వచ్చాయి. పొద్దున్నే అందరూ చెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చెయ్యడం వచ్చింది. చివరికి ఒక సూటు వచ్చింది.

ఫ్లాష్ నుంచి మనిషిని కాపాడే సూటు. మందపాటి నీలం కోటు, ప్యాంటు, మోచేతుల దాకా గ్లవుసులు, మొహం మీద దట్టమైన అద్దం ఉన్న ముసుగు. పదకొండు సబ్‌స్టేషన్ల డివిజనుకి ఒక్కటంటే ఒక్కటే. దాని కొలతలు ఎవరివి ఇవ్వాలో కాగితంలో లేదు కనుక, కాగితం మీద సంతకం పెట్టిన డివిజనల్ ఇంజనీరు బలభద్రంగారివి ఇచ్చారు. బలభద్రంగారు పేరుకి తగ్గ మనిషి.

ప్రారంభోత్సవానికి మేమూ వెళ్లాం. డి.ఇ. గారు సూటు తొడుక్కుని నిలబడితే, సేఫ్టీ సెక్షను గుమాస్తా కుటుంబరావుగారు కొబ్బరికాయ కొట్టి, సూటు గుండెల మీద అయిదు కుంకుమ బొట్లు పెట్టారు. నీళ్లతో పెడితే ఆరగానే రాలిపోతుందని నువ్వుల నూనెతో తడిపి పెట్టారు. డి.ఇ. గారు ముసుగులోంచే పదిహేను నిమిషాలు ఉపన్యసించారు. ఒక్క ముక్క వినిపించలేదు గానీ అద్దం మీద ఆవిరి పట్టినప్పుడల్లా చప్పట్లు కొట్టాం. తరువాత ఆ ఉపన్యాసాన్ని అచ్చు వేయించి అందరికీ పంచారు. "కార్మికుని ప్రాణమే సంస్థకు ప్రాణము" అని ఉంది అందులో.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. నేను డిగ్రీలో గృహవిజ్ఞానం చదివాను. కాగితం చేతికొస్తే చివరి అక్షరం దాకా చదవడం అక్కడ పట్టుకున్న జబ్బు. కూరగాయలు పక్కన పెట్టి మొత్తం చదివాను.

'ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయునదేమనగా: సదరు సూటు అమూల్యమైన సంస్థ ఆస్తి అయినందున, ఎట్టి పరిస్థితులలోను దానికి నిప్పు, వేడి, మెరుపు తగులరాదు. సూటు ధరింపగోరు సిబ్బంది మూడు ప్రతులలో దరఖాస్తు చేసుకొనవలెను. విద్యుత్ సరఫరాను పూర్తిగా నిలిపివేసి, ప్రమాదమేమియు లేదని నిర్ధారించుకున్న పిమ్మట మాత్రమే సూటు ధరించవలెను. సూటుకు కాలిన మచ్చ పడినచో ధరించిన వారిపై చర్య గైకొనబడును.'

మావారు మూడు ప్రతులలో దరఖాస్తు పెట్టారు. వారం తర్వాత డివిజను ఆఫీసుకి పిలిపిస్తే వెళ్లి, సాయంత్రం చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని చెప్పారు, అక్కడ ఏం జరిగిందో.

కుటుంబరావుగారు దరఖాస్తు అటూ ఇటూ తిప్పి చూశారట. "ఏందయ్యా పానకాలూ, 'ఫ్లాష్ సంభవించు తేదీ, సమయము' అన్నకాడ 'తెలియదు' అని రాశావేంది?"

"ఎప్పుడొచ్చిద్దో నాకెట్టా తెలుస్తదండీ?"

"నీకే తెలీకపోతే ఆఫీసుకెట్టా తెలుస్తది? మూడు పనిదినాలు ముందుగా తెలియజెయ్యాలి. రాసి తీసుకురా, చూద్దాం."

మావారు ఇక లాభం లేదని డి.ఇ. గారి గదిలోకే వెళ్లారు.

"సార్, సరఫరా ఆపేటప్పుడు, ట్రాలీ లాగేటప్పుడే గదా ఫ్లాష్ వచ్చేది."

"అవును. అందుకనే ఆపిన తరువాత వేసుకోమని స్పష్టంగా పొందుపరిచాం."

"ఆపింతర్వాత ఇంక సూటెందుకు సార్?"

"రక్షణకయ్యా!" అన్నారట డి.ఇ. గారు, ఇంత చిన్న సంగతి తెలియని మనిషి ఇన్నేళ్లు ఎలా ఉద్యోగం చేశాడా అన్నట్టు చూసి. "దరఖాస్తులో మీరు నాలుగో ప్యానెల్ ప్రమాదకరమని రాశారు. ప్రమాదకరమైన చోటికి సూటును పంపితే, రేపు దానికేమన్నా అయితే ఎవరు బాధ్యులు?"

దరఖాస్తు వెనక్కి వచ్చింది. నా కొంగు ముడి మామూలే.

సూటుని బీరువాలో పెట్టి రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి డి.ఇ. గారి దగ్గర, ఒకటి కుటుంబరావుగారి దగ్గర. శుక్రవారం శుక్రవారం కుటుంబరావుగారు బీరువా తెరిచి, అగరొత్తి తిప్పి, అయిదు బొట్లు పెట్టి మూసేవారు. అలా మూడు నెలలు గడిచాక తనిఖీకి వచ్చినవారు బీరువా తెరిపించి, 'సూటు వక్షస్థలమున ఎర్రని, నల్లని మచ్చలు గమనించడమైనది. కాలినవా?' అని రాసి వెళ్లిపోయారు.

ఆ శనివారం పొద్దున్నే కుటుంబరావుగారు సూటుని పాత దుప్పటిలో చుట్టుకుని మా ఇంటికొచ్చారు.

"చెల్లెమ్మా, నువ్వు హోంసైన్సు చదివావంట గదా. ఈ మరక ఎట్టాగైనా పోగొట్టు తల్లీ. పద్నాలుగు నెలల్లో రిటైర్‌మెంటు నాకు."

కోటు తిరగేసి లోపల కుట్టిన చీటీ చదివాను. బ్లీచింగు పొడి వాడకూడదు. గంజి పెట్టకూడదు. నీడలో ఆరవెయ్యాలి. నూనె, గ్రీజు అంటితే వెంటనే ఉతకాలి, లేకపోతే గుడ్డ మండుతుంది.

"అన్నయ్యగారూ, దీని మీద నూనె ఉంటే ఇది సూటు కాదు, దీపపు వత్తి. బొట్లు మానెయ్యండి."

"మానేస్తే ఎట్టమ్మా? దావీదుకి అట్టయింతర్వాత వచ్చిన వస్తువు. శుక్రవారం ఊరకే వదిలేస్తే మనసొప్పదు."

"పోనీ నీళ్లతో పెట్టండి."

"రాలిపోద్ది గదమ్మా" అన్నారాయన.

ఉతికి ఇచ్చాను. మరక పోయింది. అదే నేను చేసిన పొరపాటు. పదిరోజుల్లో సర్క్యులరుకి అనుబంధం వచ్చింది. సూటుకి శుక్రవారం పూజ, శనివారం ఉతుకు, ఆదివారం ఆరుదల, సోమవారం వాపసు. 'ఉతుకుట యందు శాస్త్రీయ అర్హత గల' పానకాలరావు భార్యకు సదరు బాధ్యత అప్పగించడమైనది. ఉతికిన సూటు కుదించుకుపోలేదని ప్రతి పర్యాయము పానకాలరావు ధ్రువీకరణ పత్రము సమర్పించవలెను. దీనికి 'సూటు కదలికల రిజిస్టరు' అని ఒకటి తెరిచారు.

ఆ విధంగా సూటు వారం వారం పద్దెనిమిది కిలోమీటర్లు జీపులో వచ్చి, మా అరుగు మీద ఆరి, మళ్లీ పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్లేది. అది వెళ్లనిది గోడకి అవతల నలభై అడుగుల దూరంలో ఉన్న ప్యానెల్ గదికి మాత్రమే. దావీదు ఒకసారి దండెం మీద సూటుని చూసి, మిగిలిన రెండువేళ్లతో గ్లవుసు తడిమి, "దీని బతుకే బతుకు అక్కా. ఒక్కరోజన్నా డ్యూటీ ఎక్కలేదు, వారానికో తలంటు" అన్నాడు.

మరుసటి ఏడు శ్రావణంలో వానలు పట్టాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం డి.ఇ. గారి జీపు వచ్చి గేటు దగ్గర ఆగింది. మా డివిజనుని ప్రమాదరహిత డివిజనుగా ఎంపిక చెయ్యడానికి మర్నాడు పొద్దున పది గంటలకి పై నుంచి బృందం వస్తోంది. డి.ఇ. గారు మావారిని ఇంట్లోంచి పిలిపించి, ప్యానెల్ గదిలోకి తొంగిచూసి, చెవి రిక్కించి, బయటికొచ్చారు. వంటింటి కిటికీలోంచి వాళ్ల మాటలన్నీ నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఈ చప్పుడేమిటి? రేపు బృందం చెవిన పడకూడదు. ట్రాలీ బయటికి లాగి, తుడిచి, మళ్లీ పెట్టండి."

"లాగాలంటే పైనుంచి మొత్తం సరఫరా ఆపించండి సార్. అరగంట చాలు."

"నూట ఎనభై రోజులుగా అంతరాయం లేని సరఫరా మనది. నూట ఎనభై ఒకటో రోజున అంతరాయం కలిగించమంటారా?"

"మరి సూటన్నా ఇప్పించండి సార్."

"దరఖాస్తు పెట్టుకోండి. నిబంధనలు నాకోసం మార్చలేను గదా. నేను గేటు బయట ఉంటాను. ప్రమాద స్థలానికి పర్యవేక్షణాధికారి దూరంగా ఉండాలని మొన్న శిక్షణలో నొక్కి చెప్పారు."

మావారు గుమ్మంలోకి వచ్చారు. ఉంగరం తీసి చెయ్యి చాపారు. ముసురుకి వేలు ఉబ్బి, ఉంగరం రావడానికి కాస్త ఆలస్యమైంది. నేను తీసుకోలేదు. అరుగు మీద సూటు ఆరి ఉంది. చంకల కింద, కుట్ల దగ్గర పొద్దున్నే తడిమి చూశాను, ఎక్కడా చెమ్మ లేదు.

"దీనికి ధ్రువీకరణ పత్రం రాశారా?" అన్నాను.

"రేపు గదా. రాస్తాలే."

"కుదించుకుపోలేదని తొడుక్కుని చూడకుండా ఎలా రాస్తారు? ఇన్నాళ్లూ చూడకుండానే రాసిచ్చారు. అది తప్పు కాదూ?"

ఆయన నా వంకా, గేటు వంకా చూశారు. "హైమా, తెలిస్తే ఉద్యోగం తీస్తారు."

"తొడుక్కుని నాలుగడుగులు వేసి రండి. కుదించుకుపోయిందో లేదో అప్పుడే తెలుస్తుంది."

"ఎటేసి?"

"మీ ఇష్టం. సర్క్యులర్లో దిక్కు రాయలేదు."

డి.ఇ. గారి కొలతల కోటులో మావారు పందిట్లో పిల్లాడిలా ఉన్నారు. చేతులు మడిచి పిన్నీసు పెట్టబోయి ఆగాను. లోహం. నూలు దారం పెట్టి గబగబా టాకాలు వేశాను. ముసుగు దించాక ఆయన మొహం కనిపించలేదు. ఉంగరం అప్పుడు తీసుకుని ముడి వేసుకున్నాను. ఆయన పెరటి వైపు నుంచి ప్యానెల్ గదిలోకి వెళ్లారు.

బియ్యం కడుగుతున్నాను. మూడోసారి నీళ్లు వంచుతుంటే కిటికీ తెల్లబడింది. చప్పుడు ఆ తరువాత వచ్చింది. అలమరలో గిన్నెలన్నీ ఒక్కసారి కదిలాయి. ఫ్యాను ఆగిపోయింది. ఆవాల చిటపట కూడా ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి తలుపులోంచి నల్లటి పొగ, పొగలోంచి సూటు నడిచొచ్చాయి. ముందుభాగమంతా బొగ్గు. అద్దం మసిబారింది. ముసుగు తీశాను. లోపల మావారి మొహం చెమటతో, కనుబొమలతో సహా, పొద్దున నేను చూసిన మొహం లాగానే ఉంది. గ్లవుసులు లాగి వేళ్లు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి. ఇంకోసారి లెక్కపెట్టాను.

"కుదించుకుపోలా" అన్నారు ఆయన.

అప్పటికి డి.ఇ. గారు పరుగున వచ్చారు. పొగ చూశారు, మావారిని చూశారు, సూటుని చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. "అయ్యయ్యో, సూటు! సూటుకేమైంది?"

జీపు పంపించి కుటుంబరావుగారిని రిజిస్టరుతో సహా రప్పించారు. మా అరుగు మీదే విచారణ మొదలైంది. మనిషికి దెబ్బ తగల్లేదు కనుక ప్రమాదం జరగలేదు, అంతవరకూ పేచీ లేదు. ప్రమాదం జరగలేదు కనుక ప్యానెల్‌కి ఏమీ కాలేదు, సరఫరాకి అంతరాయమూ కలగలేదు, దాని మసి రాత్రికి రాత్రి తుడిపించి రంగు వేయించవచ్చు. మిగిలింది సూటు. అది ఎందుకు కాలినట్టు?

"ప్యానెల్ దగ్గర కాలితే మీవాడి మీద చర్య తప్పదు" అన్నారు డి.ఇ. గారు.

కుటుంబరావుగారు కళ్లజోడు సర్దుకుని రిజిస్టరు తెరిచారు. "సార్, ప్యానెల్ కాడికి పోవాలంటే దరఖాస్తు ఉండాల. దరఖాస్తు లేదు. రికార్డు ప్రకారం ఇయ్యాల ఆదివారం, సూటు ఈ ఇంట్లో ఆరతా ఉంది. అంటే కాలింది ఇక్కడే."

డి.ఇ. గారి మొహం విప్పారింది. నావైపు తిరిగారు. "అమ్మా, మీ ఇంట్లో నిప్పుకి సంబంధించిన ఉపకరణాలు ఏమేమి ఉన్నాయి?"

"స్టవ్వు, ఇస్త్రీపెట్టె."

"రెంటిలో ఏది?"

పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇంతవరకూ ఒక్క జరీ అంచు నా చేతుల్లో కమలలేదు. పట్టు పంచెలకి కూడా ఇరుగుపొరుగు నా దగ్గరికే వస్తారు. అటువంటిది, నిప్పుకి కాలని గుడ్డని నేను ఇస్త్రీపెట్టెతో కాల్చానని సంతకం పెట్టాలి. మావారు తల వంచుకుని కూర్చున్నారు. ఆయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. పది వేళ్లూ.

"ఇస్త్రీపెట్టె" అన్నాను. "కాగితం ఇవ్వండి, సంజాయిషీ నేనే రాస్తాను."

వాళ్ల భాషలోనే రాశాను. 'ఆర్యా, సదరు సూటును ఇస్త్రీ చేయు సమయమున అధిక వేడి ఉత్పన్నమై సూటు ముందుభాగము కాలినది. ఇస్త్రీ చేయు వారికి సంస్థ తరఫున తగిన రక్షణ దుస్తులు సరఫరా చేయకపోవుటయే ఇందుకు మూలకారణమని గ్రహింపగోరుచున్నాను. అవి సరఫరా చేసి, ఇస్త్రీ జరుగు స్థలముననే, దరఖాస్తు నిమిత్తము లేకుండా, సర్వవేళల అందుబాటులో ఉంచినచో ఇట్టివి పునరావృతము కావని మనవి.'

డి.ఇ. గారు రెండుసార్లు చదివారు. "మూలకారణం అన్న మాట చక్కగా పడింది. బృందం వారికి ఇష్టం" అన్నారు.

బృందం వారికి నిజంగానే నచ్చింది. ఆకుపచ్చ రంగు ఇంకా తడి ఆరని ప్యానెల్ ముందు నిలబడి, వారి పెద్దగారు, "రక్షణ సంస్కృతిని సిబ్బంది గృహాల లోపలికి విస్తరింపజేసిన తొలి డివిజను ఇదే" అని ప్రకటించారు. షీల్డు వచ్చింది. నా ఇస్త్రీపెట్టెని ప్రమాద కారకంగా స్వాధీనం చేసుకుని, చీటీ కట్టి, సూటు ఖాళీ చేసిన బీరువాలో పెట్టి రెండు తాళాలు వేశారు. నాలుగో ప్యానెల్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. అది ఆ సమయానికి ఇస్త్రీ చెయ్యలేదు కదా.

నెల తరువాత కుటుంబరావుగారు టేపు పట్టుకుని వచ్చారు. కొత్త సూటు మంజూరైంది, నా పేరున. ఈసారి ధరించేవారి కొలతలే ఇవ్వాలని నేను రాతపూర్వకంగా అడిగాను.

"చెప్పు చెల్లెమ్మా. భుజాలు?"

"ఇరవై అంగుళాలు."

ఆయన పెన్ను ఆగింది. నావంక చూశారు. "ఛాతీ?"

"నలభై రెండు. ఎత్తు అయిదడుగుల తొమ్మిది."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. లోపల మంచం మీద పడుకుని పేపరు చదువుకుంటున్న మావారి కాళ్లు మంచం దాటి కనిపిస్తున్నాయి. "అవున్లే. ఇస్త్రీ చేసేవాళ్లకి భుజాలు అట్టానే ఉంటాయి" అని రాసుకున్నారు.

లేస్తూ అడిగారు. "దీనికి శుక్రవారం బొట్టు…?"

"నేను చూసుకుంటాను అన్నయ్యగారూ."

సూటు ఇప్పుడు మా ఇంట్లో తలుపు వెనక మేకుకి వేలాడుతుంది. తాళం లేదు. నెలకోసారి 'గృహ ఇస్త్రీ రక్షణ నివేదిక' పంపాలి, అంతే. శుక్రవారం నాడు బొట్టు మేకుకి పెడతాను.

వానలు తగ్గలేదు. మొన్న పోపు పెడుతుంటే గోడవతల నుంచి కూడా ఆవాలు చిటపటలాడాయి. మావారు లేచి, ఉంగరం తీసి నా చేతిలో పెట్టి, తలుపు వెనక సూటు అందుకున్నారు.

"ఇస్త్రీకి పోయొస్తా."

"ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే. నాలుగోది."

మధ్యాహ్నం దావీదు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, రెండో షిఫ్టు నాది. నాక్కూడా కాస్త ఇస్త్రీ పనుంది." కోటు అతనికి సరిగ్గా సరిపోతుంది. గ్లవుసులో మూడు వేళ్లు ఖాళీగా ఉంటాయి. అతని షిఫ్టుకి, అవి వంగకుండా చివర్లలో దూది కూరి ఇస్తాను.

నెలాఖరున నివేదిక రాశాను. 'ఇస్త్రీ చేసిన రోజులు: ఇరవై ఆరు. కాలినవి: లేవు.' అందులో రెండో మాట అక్షరాలా నిజం. మొదటిదానికి వస్తే, మా ఇస్త్రీపెట్టె ఇంకా డివిజను ఆఫీసు బీరువాలోనే ఉంది. మావారూ దావీదూ సూటు లోపల నలిగిన చొక్కాలే వేసుకుంటున్నారు.